సంవర్గమానంలో మూలం కనిపిస్తే

ఒక సంఖ్యను (దాన్నే ఆధారం అంటాం) ఏ ఘాతానికి హెచ్చిస్తే మనకు కావలసిన సంఖ్య వస్తుందో ఆ ఘాతాంకమే సంవర్గమానం, అంటే లాగరిథమ్ లేదా లాగ్. సంవర్గమానాల లెక్కల్లో మూలం గుర్తు ఎదురుకాగానే చాలామంది విద్యార్థులు ఏ సూత్రం వాడాలా అని వెతకడం మొదలుపెడతారు. వెతకడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది: ఆ గుర్తును తీసేసి, దాని స్థానంలో భిన్న ఘాతాంకం రాసుకోవాలి. వర్గమూలం అంటే 1/2 ఘాతం, ఘనమూలం అంటే 1/3 ఘాతం. అలా రాసుకుంటే ఘాతాంకం సంవర్గమానానికి ముందు గుణకంగా వచ్చి కూర్చుంటుంది. ఇక మిగిలేది భిన్నాల లెక్కే.

మూలంలో మూలం ఉన్నప్పుడు ఈ పద్ధతి విలువ బాగా తెలుస్తుంది. లాగ్₂ √(2√(2√2)), అంటే ఆధారం 2గా ఆ సంఖ్య సంవర్గమానం తీసుకుందాం. ఇలాంటివాటిని ఎప్పుడూ లోపలినుంచి బయటికి విప్పుకుంటూ రావాలి. అన్నింటికన్నా లోపలి √2 ఘాతాంకం 1/2. దాన్ని పక్కనున్న 2తో గుణిస్తే 3/2, దాని వర్గమూలానికి 3/4. మళ్ళీ 2తో గుణిస్తే 7/4, బయటి వర్గమూలంతో 7/8. జవాబు 7/8. ఇంకో మూలం చేరిస్తే 15/16, మరొకటి చేరిస్తే 31/32 వస్తాయి. అంటే మూలాలు అంతులేకుండా సాగితే సంవర్గమానం 1ని సమీపిస్తుంది, లోపలి సంఖ్య 2ను సమీపిస్తుంది. చూడటానికి భయపెట్టే ఆ గొలుసు వెనుక ఇంత క్రమం ఉండటం నాకు ఎంతో ఇష్టం.

వర్గమూలం తీస్తే సంవర్గమానం సగమవుతుందన్న ఈ చిన్న విషయం మీదే ఒకప్పుడు సంవర్గమానాల పట్టికలు తయారయ్యాయి. ఆంగ్ల గణిత శాస్త్రజ్ఞుడు హెన్రీ బ్రిగ్స్ 10కి వర్గమూలం, ఆ వచ్చినదానికి మళ్ళీ వర్గమూలం, ఇలా వరుసగా 54 సార్లు చేత్తో లెక్కగట్టాడు. √10 సుమారు 3.1623, ఆధారం 10గా దాని సంవర్గమానం 0.5, తరువాతిది 1.7783, దానికి 0.25, ఆ తరువాతిది 1.3335, దానికి 0.125. సంఖ్య 1కి బాగా దగ్గరపడేసరికి, 1 కన్నా అది ఎంత ఎక్కువో ఆ మొత్తానికి సంవర్గమానం దాదాపు అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ ఆధారంతో ఆయన కట్టిన 14 దశాంశ స్థానాల పట్టికలు 1624లో అచ్చయ్యాయి.

మూలం ఆధారంలో ఉంటే మాత్రం జాగ్రత్త అవసరం. ఆధారం √3గా 9∛3 సంవర్గమానం కావాలనుకోండి. లోపలి సంఖ్య 3^(2+1/3), అంటే 3^(7/3), ఆధారం 3^(1/2). ఇక్కడ 7/3ను 1/2తో గుణించి 7/6 అని రాసేవారు ఎక్కువ. కానీ √3 అనేది 3 కన్నా చిన్నది, అదే సంఖ్యను చేరడానికి దాన్ని ఎక్కువసార్లు గుణించాలి కాబట్టి జవాబు పెరగాలేగాని తగ్గకూడదు. ఆధారపు ఘాతాంకంతో భాగించాలి, వచ్చేది 14/3.

మూలం కింద కూడిక ఉంటే దాన్ని విడదీయడానికి సూత్రమేదీ లేదు. √(9+16) విలువ 5, 3+4 కాదు. అలాంటప్పుడు లోపలి మొత్తం ఏదైనా వర్గమా అని చూడాలి. ఉదాహరణకు 5+2√6 అనేది (√3+√2)². ఆధారం √3−√2గా దీని సంవర్గమానం అడిగితే కష్టంగా తోస్తుంది. అయితే (√3+√2)(√3−√2) = 1 కనుక ఒకటి మరొకదానికి వ్యుత్క్రమం, జవాబు −2. ఆధారం 1 కన్నా తక్కువ, లోపలి సంఖ్య 1 కన్నా ఎక్కువ కాబట్టి రుణ సంఖ్య రావడమే సరైనది.

చలరాశులు ఉన్న లెక్కలో మరొక మెలిక ఉంది. √(ఎక్స్²) అంటే ఎక్స్ కాదు, దాని పరమమూల్యం. ఎక్స్ విలువ −5 అయితే √25 సంవర్గమానం లాగ్ 5 అవుతుంది. 2నూ 1/2నూ కొట్టివేసి లాగ్ ఎక్స్ అని రాస్తే లాగ్ (−5) వచ్చి కూర్చుంటుంది, వాస్తవ సంఖ్యల్లో దానికి విలువే లేదు. ఎక్స్ ధనాత్మకమని లెక్కలో చెప్పారో లేదో చూసుకున్నాకే ఆ కొట్టివేత చేయాలి.