వీల్‌చెయిర్‌లో మూడు రకాలు

"నాకేమన్నా కాళ్ళు పడిపోయాయా? చక్రాల కుర్చీ ఏంటే, చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అని అమ్మమ్మ ఫోన్‌లో గట్టిగానే అంది. తణుకు నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి దుబాయ్, దుబాయ్‌లో విమానం మారి బర్మింగ్‌హామ్. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఒక్కతే, మొదటిసారి విమానం ఎక్కుతోంది. టికెట్ బుక్ చేసింది నేనే. వీల్‌చెయిర్ మాత్రం వద్దంటే వద్దని కూర్చుంది.

అప్పుడు కాలేజీలో నేర్చుకున్నదే అమ్మమ్మకు చెప్పాను. విమానాల వాళ్ళ లెక్కలో వీల్‌చెయిర్ అడిగేవాళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. మెట్లెక్కగలరు, విమానంలో సీటు దాకా నడవగలరు, కానీ ఎయిర్‌పోర్టులో అంత దూరం నడవలేరంటే డబ్ల్యూసీహెచ్ఆర్ అనే కోడ్ రాస్తారు. మెట్లు కూడా కష్టమైతే చివర ఆర్ బదులు ఎస్. అసలు నడవలేక సీటు దాకా తీసుకెళ్ళాల్సి వస్తే సి. "నువ్వు వడియాలు పెట్టడానికి డాబా ఎక్కుతావు కదా అమ్మమ్మా, అందుకే నీది ఆర్. కాళ్ళు పడిపోయినవాళ్ళది కాదు అది" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే మెట్లు నేనే ఎక్కుతానని రాయి" అంది. రాశాను. ఇక్కడ బ్రిటన్‌లో పద్ధతి ప్రకారం ఈ సాయానికి పైసా కట్టక్కర్లేదు. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు చెబితే చాలు. ఇది తెలియక, అడగడానికి మొహమాటపడి, మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడిచే మన పెద్దవాళ్ళు ఎంతమందో. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలో ట్రావెల్ అండ్ టూరిజం చదివాను. ఇది డిగ్రీ కాదు. పదహారేళ్ళకి జీసీఎస్ఈ పరీక్షలయ్యాక, మన ఇంటర్ వయసులో చేరే కాలేజీ. ఒకే కప్పు కింద ప్లంబింగ్, హెయిర్‌డ్రెస్సింగ్, వంట, పసిపిల్లల సంరక్షణ అన్నీ నేర్పుతారు. అమ్మకి ఇక్కడి హాస్పిటల్లో నర్సు ఉద్యోగం రావడంతో పదిహేనేళ్ళప్పుడు వచ్చాను. జీసీఎస్ఈ ఇంగ్లీషులో నాకు గ్రేడు 3 వచ్చింది, 4 వస్తేనే పాస్ కింద లెక్క. 4 రానివాళ్ళు కాలేజీలో చేరినా ఇంగ్లీషు చదువుతూనే ఉండాలి. అందుకని ముందు ఒక ఏడాది లెవెల్ 2 చేస్తూ, నవంబరులో ఇంగ్లీషు మళ్ళీ రాసి 4 తెచ్చుకున్నాను. తర్వాత రెండేళ్ళు లెవెల్ 3 బీటెక్ (BTEC), అంటే ఒక వృత్తికి తయారుచేసే కోర్సు. ఇంజనీరింగ్ బీటెక్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు, పలకడమే ఒకేలా ఉంటుంది. మా పెదనాన్న చాలా రోజులు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాననే అందరికీ చెప్పారు.

మొదటి అసైన్‌మెంట్ నాకు ఇప్పటికీ గుర్తే. జనం ప్రయాణాలు ఎందుకు చేస్తారు, ఏ కారణాలు వాళ్ళని ఇంట్లోంచి బయటికి నెడతాయి, ఏవి ఆ ఊరివైపు లాగుతాయి అని రాయమన్నారు. నేను తణుకులో తొమ్మిదో తరగతి దాకా చదివిన పద్ధతిలోనే రాశాను. పాయింట్లన్నీ బట్టీ పట్టి, సైడ్ హెడ్డింగులు పెట్టి, పద్నాలుగు పేజీలు. పాస్ కూడా రాలేదు. బీటెక్‌లో పాస్, మెరిట్, డిస్టింక్షన్ అని ఉంటాయి. వివరిస్తే పాస్, విశ్లేషిస్తే మెరిట్, మంచిచెడ్డలు తూచి నీ నిర్ణయం నువ్వు చెప్పగలిగితే డిస్టింక్షన్. నేనేమో పుస్తకంలో ఉన్న మాటల్ని వరస మార్చి దించాను. మా ట్యూటర్ (మేడం అనకుండా పేరు పెట్టి పిలవడం నాకు అలవాటవడానికి ఆరు నెలలు పట్టింది) పక్కన కూర్చుని ఒకే ఒక ప్రశ్న అడిగారు: "నువ్వు కళ్ళారా చూసిన ప్రయాణం ఒకటి చెప్పు, ఎవరిది, ఎందుకు?" మళ్ళీ రాసిచ్చే అవకాశం ఒక్కసారే, పదిహేను పనిదినాల్లో.

నేను చూసినవి బంధువుల ప్రయాణాలే. కూతురి పురుడికి వచ్చే తల్లులు, పిల్లలకి సెలవులివ్వగానే ఊరెళ్ళే కుటుంబాలు, ఫోన్ రాగానే దొరికిన టికెట్‌తో పరిగెత్తే కొడుకులు. మా సబ్జెక్టులో ప్రయాణాల్ని విహారం, వ్యాపారం, బంధుమిత్రుల్ని చూడటం అని విడదీస్తారు. ఈ మూడోదానికి వీఎఫ్ఆర్ అని పేరు. క్లాసులో విహారం గురించి వారాల తరబడి చెప్పుకున్నాం, వీఎఫ్ఆర్ ఒక్క పూటలో అయిపోయింది. నాకది అన్యాయం అనిపించింది. వీళ్ళు హోటల్లో దిగరు కాబట్టి లెక్కలో చిన్నగా కనబడతారు. కానీ టికెట్ కొంటారు, ట్యాక్సీ ఎక్కుతారు, బజారుకెళ్తారు, ఇంట్లోవాళ్ళు వాళ్ళని ఊళ్ళన్నీ తిప్పుతారు. అదే రాశాను. ఆరు పేజీలే. అది పాసై నిలబడింది. ఆ తర్వాత ఏది రాసినా ముందు ఒక మనిషిని మనసులో పెట్టుకుని మొదలుపెట్టేదాన్ని.

ఈ ఊళ్ళో ఈ సబ్జెక్టు చదవడం ఒక అదృష్టం. లెస్టర్ స్టేషన్ బయట, టూర్ల వ్యాపారానికి ఆద్యుల్లో ఒకడైన థామస్ కుక్ విగ్రహం ఉంటుంది. 1841 జులై 5న ఆయన సుమారు 500 మందిని ఇక్కడి నుంచి లఫ్‌బరాకి రైల్లో తీసుకెళ్ళాడు, మనిషికి ఒక షిల్లింగు. పన్నెండు మైళ్ళు కూడా ఉండదేమో, మద్యపానానికి వ్యతిరేకంగా పెట్టిన సభకి. ఆయన పేరుతో నడిచిన కంపెనీ 2019 సెప్టెంబర్ 23న మూతపడింది. ఆ రోజు బ్రిటన్ వాళ్ళు లక్షా యాభై వేల మందికి పైగా విదేశాల్లో ఉన్నారు. ప్రభుత్వం రెండు వారాల్లో వాళ్ళని వెనక్కి తెచ్చింది. ఈ పాఠం చెప్పిన రోజే అటోల్ అంటే ఏమిటో నాకు అర్థమైంది. విమానంతో కలిపి ప్యాకేజీ అమ్మే కంపెనీ మనిషికి రెండున్నర పౌండ్లు ఒక నిధికి కడుతుంది. కంపెనీ మునిగితే మన డబ్బుకీ, మన తిరుగు ప్రయాణానికీ ఆ నిధి పూచీ. అదే విమానం టికెట్ ఒకచోట, హోటల్ ఇంకోచోట విడివిడిగా కొనుక్కుంటే ఆ రక్ష ఉండదు. అమ్మతో పనిచేసే ఒక పిన్ని స్పెయిన్ టూర్‌కి సగం ధరకే వస్తోందని ఒక వెబ్‌సైట్ చూపించింది. ఆ నిధికి కట్టే కంపెనీలకి ఉండే అటోల్ నంబర్ అందులో ఎక్కడా లేదు. "వద్దు పిన్నీ" అన్నాను. అంత ధైర్యంగా పెద్దవాళ్ళకి ఒక మాట చెప్పడం నాకు అదే మొదలు.

రెండో ఏడు సందర్శక స్థలాల యూనిట్ కోసం, ఒకప్పటి ఇంగ్లండ్ రాజు రిచర్డ్ III పేరున్న సెంటర్‌కి తీసుకెళ్ళారు. 2012లో ఇక్కడ కార్ పార్కింగ్ కింద తవ్వితే ఆ రాజు అస్థిపంజరం దొరికింది. ఆ గొయ్యి మీద ఇప్పుడు అద్దం నేల వేశారు. మా పని రాజుని చూడటం కాదు, వచ్చినవాళ్ళని చూడటం. ఎవరు ఎక్కడ ఆగుతున్నారు, ఎంతసేపు అని రాసుకోవాలి. బోర్డుల దగ్గర చాలామంది నిమిషం కూడా నిలబడలేదు. అద్దం దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆగిపోయేవి. ఒక పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కింద ఉన్నది ఖాళీ గొయ్యే, ఎముకల్ని 2015లోనే కేథడ్రల్‌లో సమాధి చేశారు. అయినా ఆయన టోపీ తీశాడు. అది ఏ గడిలో రాయాలో తెలియక కాగితం అంచున రాసుకున్నాను.

ఆగస్టులో అమ్మమ్మ వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో విమానం దిగిన గంటకి తలుపులు తెరుచుకుని, ఒకబ్బాయి తోస్తున్న కుర్చీలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, నీలం అంచు చీరలో కనబడింది. మమ్మల్ని చూడగానే చెయ్యి ఎత్తి అతన్ని ఆగమంది. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, ఆ పది అడుగులూ నడిచే వచ్చింది. అమ్మ ఏడుస్తోంది. నేను సంచీ అందుకున్నాను.

"దుబాయ్‌లో బస్సులో తీసుకెళ్ళి విమానం ముందు దింపారే" అంది కారెక్కాక. "ఆ పిల్లాడు కాగితం చూసి మెట్లు చూపించాడు. ఎక్కుతానన్నాను. నువ్వు రాశావుగా."