గోడలో పైపు లీకు, గేటు బయట ప్లంబర్: హౌస్ ఓనర్‌గా నా అనుభవం

మొత్తానికి నిన్న సాయంత్రంతో పని అయిపోయింది. కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ నుంచి నీళ్ళు కారడం ఆగింది. నా కోపం మాత్రం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే కూర్చుని రాసేస్తున్నా.

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు మాకో ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చాం, మేముండేది రామమూర్తి నగర్‌లో. అద్దెకున్నది కడప వైపు నుంచి వచ్చిన కొత్త జంట, ఇద్దరూ ఉద్యోగస్తులే. ఆదివారం పొద్దున్నే ఆ అమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, కింద వాళ్ళొచ్చి అరుస్తున్నారు, వాళ్ళ బాత్రూమ్‌లో లైట్ పక్కనుంచే నీళ్ళు కారుతున్నాయంట" అంది, గొంతు వణుకుతోంది పాపం. ముందు కింద వాళ్ళని ఆ లైట్‌కి కరెంటు ఆపే స్విచ్, అదే ఎంసీబీ, దించెయ్యమని చెప్పమ్మా, తర్వాత మన బాత్రూమ్ వాల్వ్ కట్టెయ్యి అన్నా. అది ఎక్కడుందో వెతుక్కునే పని లేదు వాళ్ళకి, ఎందుకంటే తాళాలు ఇచ్చిన రోజే వాల్వులవీ, ఆ ఎంసీబీలుండే డీబీ బాక్స్‌దీ ఫోటోలు తీసి ఏది దేనికో రాసి వాట్సాప్‌లో పెట్టా. ఇన్నేళ్ళలో నేను చూసిన ఓనర్లలో ఈ పని చేసినవాళ్ళు ఒక్కరూ లేరు, నేను చేశా.

మా ప్లంబర్ చిత్తూరు అబ్బాయి, వీడియో కాల్‌లోనే దారి చెప్పాడు. గీజర్‌కి నీళ్ళెళ్ళే యాంగిల్ వాల్వ్ ఒక్కటే కట్టేసి, మిగతా లైన్ తెరిచి కాసేపు చూడమన్నాడు. అలా చేస్తే కింద ధార కాస్తా చుక్కలైంది. అంటే లీకు వేడినీళ్ళ లైన్‌లో. దాంతో అద్దె వాళ్ళకి చన్నీళ్ళు, ఫ్లష్ ఆగకుండా వచ్చాయి. ఇక్కడిదాకా అంతా సాఫీగానే నడిచింది.

అసలు కథ గేటు దగ్గర. నేను కేఆర్ పురంలో మెట్రో ఎక్కి వెళ్ళేసరికి ప్లంబర్ టూల్ బ్యాగ్ పక్కన పెట్టుకుని ఎండలో ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉన్నాడు. గేటు దగ్గర వచ్చేవాళ్ళని ఒప్పుకునే యాప్‌లో ఆ అమ్మాయి అప్రూవ్ చేసింది, అయినా సెక్యూరిటీ వదల్లేదు, ఆదివారం పని చెయ్యకూడదు, వర్క్ పర్మిట్ కావాలి, పర్మిట్ అసోసియేషన్ ఆఫీసులో ఇస్తారు, ఆఫీసులో ఉన్నాయన ఓనర్ సంతకం కావాలన్నాడు, ఓనర్ని నేనే వచ్చాను కదయ్యా అంటే సేల్ డీడ్ కాపీ చూపించమన్నాడు. మెయింటెనెన్స్ బిల్లు నెలనెలా నా పేరు మీదే పంపిస్తారు, ఆ బిల్లు ఫోన్‌లో చూపించినా చాలదట. సరే, మావారికి ఫోన్ చేసి బీరువాలోంచి తీయించి ఫోటో తెప్పించా. అప్పుడు ఇంకో మాట, అసోసియేషన్ పెద్దాయన వచ్చి చూసి ఓకే చెయ్యాలట. ఆ పెద్దాయన వచ్చాక కింద ఫ్లాట్ వాళ్ళ ముందు, మా అద్దె పిల్లల ముందు నన్ను నిలబెట్టి, "అద్దెకిచ్చేవాళ్ళకి డబ్బు తప్ప బిల్డింగ్ మీద బాధ్యత ఉండదు" అన్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోమని కూడా అనలేదు. పైగా వాళ్ళ కాంట్రాక్టర్‌తో వాటర్‌ప్రూఫింగ్ పోయింది, బాత్రూమ్ ఫ్లోర్ అంతా పగలగొట్టాలి అని చెప్పించాడు, ఆ కాంట్రాక్టర్ పైకొచ్చి చూసిందీ లేదు, ఒక్క కుళాయి తిప్పిందీ లేదు. ఆ రోజంతా అట్లనే పోయింది. ఫోన్ మోగగానే పరిగెత్తుకొచ్చిన మనిషికి ఇదా మర్యాద?

కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం 1972 నాటిది. పక్క ఫ్లాట్లకి నష్టం రాకుండా అత్యవసర రిపేరు చెయ్యడానికి ఫ్లాట్ లోపలికి వెళ్ళే హక్కు కూడా అసోసియేషన్‌కి ఇచ్చింది. చట్టం అంత దూరం ఆలోచించింది, వీళ్ళేమో మా ఖర్చుతో మేం చేయించుకుంటామన్నా అడ్డం పడ్డారు.

సోమవారం పర్మిట్ ఇచ్చారు. ప్లంబర్ కుళాయిలు, షవర్ విప్పేసి ఆ చోట డమ్మీలు, అంటే మూతలు బిగించి, లైన్‌కి చేతి పంపు తగిలించి నీళ్ళు ఎక్కించాడు. చన్నీళ్ళ లైన్‌లో ప్రెజర్ చూపించే గేజ్ ముల్లు కదల్లేదు. వేడినీళ్ళ లైన్‌కి మార్చగానే చూస్తుండగానే ముల్లు కిందికి జారిపోయింది. "అక్కా, ఫ్లోర్ జోలికే పోవద్దు" అన్నాడు. షవర్ మిక్సర్ వెనక రెండు టైల్స్ తీస్తే, సీపీవీసీ (వేడినీళ్ళకి వాడే ప్లాస్టిక్ పైపు) ఎల్బో జాయింట్ లోంచి సన్నగా చిమ్ముతోంది. ముక్క మార్చాడు, వెంటనే టైల్ మూసెయ్యనివ్వలేదు నేను, ఒక రాత్రి వదిలేసి మళ్ళీ ప్రెజర్ పెట్టి చూశాకే మూయించా. మీరూ అలాగే చేయించండి, ప్లంబర్లు తొందరపెడతారు, వినకండి.

ఖర్చంతా నాదే, అద్దె పిల్లల్ని పైసా అడగలేదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో కూడా కుళాయి వాషర్లు, గీజర్ రిపేరు అద్దెకున్నవాళ్ళవి, పైపులు మార్చడం, వైరింగ్ ఓనర్‌వి అని రాసుంది. అది మోడల్ మాత్రమే, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే వర్తిస్తుంది అంటారా, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఉంది. ఓనర్ చెయ్యాల్సిన రిపేరు చెప్పినా టైముకి చెయ్యకపోతే అద్దెకున్నవాళ్ళే చేయించుకుని వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు. అద్దెకున్నవాళ్ళకి నా మాట ఒకటే, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, మెసేజ్ పెట్టండి, వీడియో తీయండి, బిల్లు దాచండి. ఈ ఊళ్ళో కొందరు ఓనర్లు ఇప్పటికీ పది నెలల అడ్వాన్స్ తీసుకుంటారు, మోటర్ కాలిపోయిందని ఫోన్ చేస్తే ఊళ్ళో లేనంటారు. ఆ అడ్వాన్స్ ఎందుకు మరి? నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ, మెయిన్ డోర్ తాళం, ఈ నాలుగింటికీ అర్ధరాత్రైనా ఫోన్ ఎత్తాల్సిందే, ఎవరి తప్పు, ఎవరు కట్టాలి అన్నది లీకు ఆగాక మాట్లాడుకోవచ్చు. ఎత్తలేనివాళ్ళు అద్దెకివ్వకుండా తాళం వేసుకోండి.

కింద వాళ్ళ సీలింగ్‌కి పుట్టీ, పెయింట్ నేనే వేయిస్తానని మెసేజ్‌లో రాసిచ్చా, స్లాబ్ పూర్తిగా ఆరాకే, తడి మీద వేస్తే మళ్ళీ పెచ్చులూడుతుంది. నీళ్ళ లీకుకీ, కరెంటుకీ ఆదివారమైనా పర్మిట్ లేకుండా మనిషిని లోపలికి పంపాలని అసోసియేషన్‌కి మెయిల్ పెట్టా. జవాబు రాలేదు. వచ్చే మీటింగ్‌కి నేనే వెళ్తున్నా, ఈసారి కుర్చీ లాక్కుని కూర్చునే మాట్లాడతా.