గిల్లడానికి చేతులు రాక

మొన్న పొద్దున కిటికీ దగ్గర నిలబడి బేసిల్ (మన తులసికి చుట్టం, వంటల్లో వేసే ఆకు) చిగురు పుటుక్కున గిల్లుతుంటే, వెనక నుంచి అత్తయ్య, "ఫర్వాలేదమ్మాయ్, మొత్తానికి చేతులొచ్చాయే నీకు!" అన్నారు. ఆ వెటకారం వెనక మూడేళ్ళ భాగోతం ఉంది.

మాకు పెరడు లేదు. తూర్పు మొహంగా వంటింటి కిటికీ, దాన్ని ఆనుకుని ఒక మనిషి తిరగగలిగే బాల్కనీ, అంతే. మొదట పెట్టినవి నాలుగు కుండీలు: పుదీనా, కొత్తిమీర, బేసిల్, సూదుల్లాంటి ఆకులుండే వాసన పొద రోజ్‌మేరీ. రోజూ పొద్దున్నే లేచి చూసుకుని మురిసిపోవడమే గానీ ఒక్క ఆకు కోసిన పాపాన పోలేదు. ఇప్పుడే కదా పెరుగుతోంది, ఇంకాస్త గుబురవ్వనీ అనుకునేదాన్ని. వంటకి కావలసిన ఆకేమో బయట కొనుక్కొచ్చుకునేదాన్ని!

బేసిల్ నా జాలి చూసి పొంగిపోయి ఒంటి కాడతో నిటారుగా మూరెడు ఎదిగింది. నెత్తిన తెల్లగా పూత వేసింది. కింద ఆకులు పండిపోయి రాలాయి, పైనున్నవి నమిలితే చేదు. నేను పూలకి ఫొటో తీస్తుంటే అత్తయ్య తల పట్టుకున్నారు. "పూతకొచ్చాక ఇంక ఆకెక్కడ పెడుతుందమ్మా? ముందే నెత్తిన గిల్లాల్సింది."

ఆ మాట ఎందుకు నిజమో తర్వాత చదువుకున్నాను. కాడ కొసన ఉండే మొగ్గ ఆక్సిన్ అనే హార్మోను తయారుచేస్తుంది. అది కిందకి దిగుతూ ఆకుల పంగల్లో నిద్రపోతున్న మొగ్గల్ని లేవనివ్వదు. కొస తుంచేస్తే ఆ పెత్తనం పోతుంది, పంగల్లో మొగ్గలు మేలుకుంటాయి. బేసిల్ ఆకులు జతలు జతలుగా ఎదురెదురుగా వస్తాయి కాబట్టి, ఒక జతకి సరిగ్గా పైన తుంచితే ఆ రెండు పంగల్లోంచీ రెండు కొమ్మలొస్తాయి. వాటిని మళ్ళీ గిల్లితే నాలుగు. కొత్త మొక్కకి నాలుగు జతల ఆకులు వచ్చాక, ఊపిరి బిగబట్టి, రెండో జత పైన గోటితో తుంచాను. చెయ్యంతా లవంగం వాసన. నాలుగైదు రోజులకి కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే పంగలో ఆవగింజంత పచ్చటి బుడిపె, అవతలి పంగలో ఇంకోటి. అప్పుడు పోయింది నా భయం.

పుదీనాకి ఇంత బుజ్జగింపు అక్కర్లేదు. దానిది ఆక్రమణ స్వభావం. తర్వాత ఒకసారి కుండీ ఆదా అవుతుందని దాన్నీ కొత్తిమీరనీ ఒకే తొట్టిలో పెట్టాను. రెండు నెలల్లో మట్టి కింద పాకే కాడలతో తొట్టంతా తనే కమ్మేసింది. అప్పట్నుంచి దానికి వేరు కాపురం. ఎవరైనా అడిగితే ఒక కొమ్మ కణుపు కింద కత్తిరించి, కింది ఆకులు తీసేసి, గ్లాసు నీళ్ళలో వేసిస్తాను. వారం పది రోజుల్లో తెల్ల వేళ్ళు దిగుతాయి. అన్నట్టు పుదీనాల్లో పిప్పర్‌మింట్ అనేది రెండు జాతుల సంకరం, మామూలుగా దానికి విత్తనం కట్టదు. కాబట్టి పిప్పర్‌మింట్ విత్తనాలని ఎవరైనా పొట్లం అమ్మితే, మొలిచేది మరేదో అయి ఉంటుంది. పిప్పర్‌మింట్ ఆకు నమిలితే నోరు చల్లబడినట్టుంటుంది కదా, నిజానికి ఏమీ చల్లబడదు. మన నరాల్లో చలిని పసిగట్టే గ్రాహకాన్నే ఆకులోని మెంథాల్ అనే పదార్థం తట్టి లేపుతుంది. స్పర్శనీ వేడినీ చలినీ శరీరం ఎలా పసిగడుతుందో కనిపెట్టినందుకు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఆ పరిశోధనలో చలి సంగతి తేల్చడానికి వాడింది ఈ మెంథాల్‌నే.

కొత్తిమీర దగ్గర నేను చేసిన తప్పులకి లెక్క లేదు. ధనియం ఒక గింజ కాదు, రెండు గింజలున్న కాయ. చపాతీ కర్రతో మెల్లగా దొర్లిస్తే టప్పుమని రెండు బద్దలవుతుంది. పిండి చేయకూడదు, విడిపోతే చాలు. ఒక రాత్రి నానబెట్టి, ఎక్కడ పెరగాలో అక్కడే చల్లుకోవాలి. తల్లి వేరు నిలువుగా దిగే మొక్క కాబట్టి నారు పీకి నాటితే అలుగుతుంది, కాస్త ఎండ ముదరగానే పూతకొచ్చేస్తుంది. దాన్ని గిల్లి ఆపుదామని చూశాను, కుదరదు. దాని ఆయుష్షే అంత. అందుకే రెండు మూడు వారాలకోసారి ఒక గుప్పెడు చల్లుతూ పోతాను. మా ఆయన ఈ కుండీ వైపు కూడా చూడరు, సబ్బు వాసనంటారు. వాసన పసిగట్టే ఒక జన్యువుకీ ఈ సబ్బు గోలకీ సంబంధం ఉందని 2012లో తేల్చారు. అది తెలిసిన దగ్గర్నుంచి ఆయన మొహంలో వెలుగు చూడాలి, పెద్ద సర్టిఫికెట్ వచ్చినట్టు.

ఇంక రోజ్‌మేరీ. అది నా అహంకారానికి పడిన దెబ్బ. మొదటి మొక్క నీళ్ళు ఎక్కువై పోయింది. మధ్యధరా తీరంలో రాళ్ళలో, పొడి నేలలో పెరిగే జాతి. పైమట్టి తడిగా ఉండగానే మళ్ళీ పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి. ఇప్పుడు చూపుడు వేలు ఒక కణుపు లోతు దించి, పొడిగా తగిలితేనే పోస్తాను. రెండోది బాగానే పెరిగింది. ఈలోగా నాకు గిల్లుడు పిచ్చి పట్టింది కదా, మొక్క కనబడితే చాలు కత్తెర తీసేదాన్ని. ఆకుల్లేని గోధుమరంగు చేవ దాకా కత్తిరించేశాను, గుబురుగా వస్తుందని. రాలేదు. ముదిరిన కొయ్య భాగం నుంచి అది మళ్ళీ చిగురించడం కష్టం. పచ్చగా మెత్తగా ఉన్న కొసలే తుంచుకోవాలి. అన్నిటికీ ఒకటే సూత్రం అనుకోవడం నాదే తప్పు. (2017లో దీన్ని శాస్త్రవేత్తలు సాల్వియా ప్రజాతిలో కలిపేశారు. శాస్త్రీయ నామం మారినా మొండితనం మారలేదు.)

మందు మొక్కల దగ్గర మాత్రం నాకిప్పటికీ జంకే. దానికి కారణం కలబంద. చర్మానికి మంచిది, కడుపుకీ మంచిదని ఎక్కడో చదివి, ఒక మట్ట కోసి, పైతోలు సరిగా తీయకుండానే మిక్సీలో వేసి తాగాను. ఆ మధ్యాహ్నం నేను బాత్‌రూమ్‌కీ మంచానికీ మధ్యే తిరిగాను. మట్ట కోయగానే తోలు కింద నుంచి పసుపుపచ్చని చేదు పాలు కారుతాయి. మధ్యలో ఉండే గుజ్జు వేరు, ఈ పాలు వేరు. అందులో ఉండే అలోయిన్ గట్టి విరేచనకారి. దీన్ని విరేచనాల మందుగా డాక్టరు చీటీ లేకుండా అమ్మడాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లోనే ఆపించింది. ఇప్పుడు మట్ట కోశాక ఒక పావుగంట గ్లాసులో నిలబెట్టి పాలు కారనిచ్చి, కడిగి, గుజ్జు మాత్రం చేతికి కాస్త కాలినప్పుడు రాసుకుంటాను. తాగడం మానేశాను.

ఇంకో చిక్కు పేర్లతో. సరస్వతి ఆకు అని తెచ్చుకున్నవే రెండు కుండీల్లో రెండు రకాలుగా మొలిచాయి. దాన్నే బ్రాహ్మి అని కూడా అంటారు, ఆ పేరు రెండు వేరు వేరు మొక్కలకి వాడుకలో ఉంది. వామాకు అనేదానికీ వాము గింజలిచ్చే మొక్కకీ చుట్టరికం లేదు, వాసన ఒకటే. వంటలో అయితే ఇలాంటి పొరపాటుకి రుచి తేడా వస్తుంది, మందులో అయితే మనిషికే తేడా వస్తుంది. అందుకే శాస్త్రీయ నామం రాసున్న మొక్కే తెచ్చుకుంటున్నాను, కుండీకి ఆ పేరు అంటిస్తున్నాను. రోజూ మాత్రలు వేసుకునే అత్తయ్యకి మాత్రం వాళ్ళ డాక్టరుని అడక్కుండా ఏ కషాయమూ ఇవ్వను. ఆవిడకి నా మీద ఉన్న ఏకైక ఫిర్యాదు అదే.

పురుగు సంగతీ ఉంది గానీ సాగదీయను. చిగుళ్ళ కింద పేనుబంక పడితే నీళ్ళు గట్టిగా కొట్టి కడిగేస్తాను, తినే ఆకు మీద మందులు చల్లను.

ఆరు వారాల కిందట మూడో రోజ్‌మేరీ మొదలుపెట్టాను. స్నేహితురాలి మొక్క నుంచి బెత్తెడు పచ్చి కొస తెచ్చి, కింది ఆకులు దూసేసి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో గుచ్చాను. అత్తయ్య రోజూ దాని దగ్గరికెళ్ళి రెండు వేళ్ళతో పట్టుకుని కాస్త లాగి చూస్తారు. "అత్తయ్యా, ముట్టుకోకండి, ఊడొస్తుంది" అని నేను రోజూ మొత్తుకుంటాను. నిన్న సాయంత్రం లాగితే రాలేదట. వంటింట్లోకొచ్చి ఆ మాట చెప్పి, చెయ్యి వాసన చూసుకుంటూ వెళ్ళిపోయారు.