ఫోటో జర్నలిజంలో ఎం.ఏ. చెయ్యాలని ఆలోచిస్తున్నవాళ్ళకు

డాక్యుమెంటరీ, ట్రావెల్, న్యూస్ ఫోటోగ్రఫీలో పీజీ అనగానే కెమెరా పనితనం ఇంకాస్త బాగా నేర్పుతారని చాలామంది అనుకుంటారు. అక్కడ అది పెద్దగా నేర్పరు. ఎక్స్‌పోజరు, ఫోకస్, ఫ్లాష్ మనకి వచ్చేసి ఉంటాయన్న లెక్కలోనే సీటిస్తారు. ఏడాదంతా నడిచేది మూడు పనుల మీద: ఏం తియ్యాలో తేల్చుకోవడం, తీసినవాటిలోంచి ఏరడం, ఏరినదాని కింద నిజం రాయడం. ఇంట్లో ఒక్కళ్ళం కూర్చుని ఈ మూడూ నేర్చుకోవడం చాలా కష్టం. ఫీజు కట్టేది వీటి కోసమే.

అందుకని కాలేజీ వెతికేటప్పుడు స్టూడియోలో ఎన్ని లైట్లున్నాయన్నది తర్వాత చూసుకోవచ్చు. మన ఫోటోలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళకోసారి చూస్తారు, వాళ్ళెప్పుడైనా పత్రికలోనో ఏజెన్సీలోనో పిక్చర్ ఎడిటర్‌గా పనిచేశారా? ఇవి ముందు అడగాలి. పాత విద్యార్థుల ఫైనల్ ప్రాజెక్టులు కనీసం పది చూడాలి. పదీ ఒకే తీరులో ఉంటే అక్కడ నేర్పేది ఒక స్టైల్ మాత్రమే.

మన దగ్గర హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. గాంధీనగర్‌లోని ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) క్యాంపస్‌లో ఫోటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్. ఉంది, దానికి డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఢిల్లీ జామియా మిలియాలోని మాస్ కమ్యూనికేషన్ సెంటర్‌లో స్టిల్ ఫోటోగ్రఫీకి పీజీ డిప్లొమా నడుస్తుంది. రాయిటర్స్‌లో పనిచేసి, రోహింగ్యాల ఫోటోలకు 2018లో అమెరికా జర్నలిజం పురస్కారం పులిట్జర్ అందుకున్న బృందంలో ఉన్న డానిష్ సిద్దిఖీ చదువుకున్నది ఆ సెంటర్‌లోనే. ఢాకాలో ఫోటోగ్రాఫర్ షాహిదుల్ ఆలం 1998లో పెట్టిన పాఠశాల అన్న సంస్థ దక్షిణాసియా డాక్యుమెంటరీకి పెద్ద పునాది. లండన్ కాలేజ్ ఆఫ్ కమ్యూనికేషన్‌లో ఫోటో జర్నలిజం, డాక్యుమెంటరీ కలిపి ఎం.ఏ. ఉంది. న్యూయార్క్ ఐసీపీలో (ఇంటర్నేషనల్ సెంటర్ ఆఫ్ ఫోటోగ్రఫీ) ఏడాది కోర్సుకి వచ్చేది సర్టిఫికెట్, డిగ్రీ కాదు. ఈ తేడా చిన్నది కాదు. న్యూస్‌రూమ్‌లో ఎవరూ పట్టా అడగరు, ఫోటోలే చూస్తారు. రేపు మీరు కాలేజీలో పాఠాలు చెప్పాలనుకుంటే మాత్రం, నెట్ అనే అర్హత పరీక్షతో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి మాస్టర్స్ డిగ్రీ కావాలి.

ఇక అసలు విషయానికొద్దాం. దరఖాస్తులో ఎక్కువమంది జారిపోయేది ప్రపోజల్ దగ్గర, అంటే ఏం తియ్యబోతున్నారో రాసిచ్చే కాగితం దగ్గర.

"ఉద్దానం కిడ్నీ బాధితులు" అని రాస్తే అది వార్త శీర్షిక అవుతుంది, ప్రపోజల్ అవదు. శ్రీకాకుళం జిల్లా కవిటి, కంచిలి, సోంపేట, పలాస వైపు ఊళ్ళకి ఇప్పటికే ఎన్నో కెమెరాలు వెళ్ళాయి. మంచం మీద మనిషి, పక్కన దిగులుగా భార్య – ఈ ఫోటో లోకం చాలాసార్లు చూసేసింది. అదే విషయాన్ని ఇలా పట్టుకోండి: డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. ఊరి నుంచి పలాస రానూపోనూ ప్రయాణం, వెంట వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి కలిపితే, ఒక జీడితోట కుటుంబం వారం ఎలా ముక్కలవుతుంది? ఇది ప్రపోజల్. ఇందులో కంటికి కనిపించేవి ఉన్నాయి: ఆటో, నీళ్ళ క్యాన్లు, రోజుకెన్ని నీళ్ళు తాగాలో కొలిచే గ్లాసు, డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోట ముంజేతి మీద ఉబ్బిన ఫిస్టులా, మనిషి లేక పని ఆగిన తోట. ఎవరిని, ఎక్కడ, ఎన్ని వారాలు తీస్తారో చెప్పగలిగే అంశమిది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, హిరమండలం నుంచి తాగునీటి పథకం వచ్చింది. వీటి తర్వాత రోజువారీ బతుకులో ఏం మారింది, ఏం మారలేదు అన్న ప్రశ్న మీ ఫోటోలకి వెన్నెముక అవుతుంది. ఈ జబ్బుకి అసలు కారణమేమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కాబట్టి బోరు పంపు ఫోటో పెట్టి, చూసేవాళ్ళు అదే కారణమనుకునేలా వరస పేర్చకూడదు. క్యాప్షన్‌లో ఒక్క అబద్ధం లేకపోయినా ఫోటోల వరసే అబద్ధం చెప్పగలదు.

ప్రపోజల్‌లో అనుమతుల గురించి విడిగా రాయాలి. ఆసుపత్రి లోపల సూపరింటెండెంట్ అనుమతి వేరు, మనిషి అనుమతి వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. బ్రిటన్ యూనివర్సిటీలు రోగులు, పిల్లల మీద ప్రాజెక్టులకు ముందే ఎథిక్స్ ఆమోదం అడుగుతాయి. ఆ కాగితాలు తిరిగి రావడానికి వారాలు పడుతుంది. వలస వెళ్ళినవాళ్ళు సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు తియ్యాలంటే దసరా నాటికే ఫారాలు పెట్టెయ్యాలి. సమ్మతి పత్రం మన తెలుగులో, వాళ్ళ మాటల్లో ఉండాలి. చదువురానివాళ్ళకి చదివి వినిపించి, వాళ్ళు ఒప్పుకోవడాన్ని ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఫోటో పత్రికలో రావచ్చు, ఎగ్జిబిషన్‌లో గోడకెక్కవచ్చు, పోటీకి వెళ్ళవచ్చు, ఇంటర్నెట్‌లో ఎప్పటికీ ఉండిపోవచ్చు. ఈ నాలుగూ విడివిడిగా చెప్పాలి. "ఫోటో తీసుకోనా అమ్మా?" అంటే ఆమె తలూపడం ఈ నాలుగింటికీ ఒప్పుకోలు కాదు.

పోర్ట్‌ఫోలియో గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆ కాలేజీ ఎన్ని అడిగితే అన్నే పంపండి, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. 20 ఊళ్ళలో తీసిన 20 విడి ఫోటోలకన్నా ఒకే విషయం మీద 12 ఫోటోల సిరీస్ బలంగా ఉంటుంది. ముడతల ముసలి మొహాలు, సూర్యాస్తమయంలో పడవలు, అనుమతి లేకుండా వెనక నుంచి తీసిన బిచ్చగాళ్ళు – ఈ మూడూ తీసేశాక ఎన్ని మిగిలాయో చూసుకోండి.

ఫీల్డులో ఎక్కువగా దెబ్బకొట్టేది వెలుతురు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఆసుపత్రి వార్డులో 1/250 పెట్టి వరసగా తీస్తే ఒక ఫ్రేము చీకటిగా, ఒకటి పచ్చగా, ఒకటి బాగానే వస్తుంది. శబ్దం రాకూడదని సైలెంట్ షట్టర్ వాడితే ఫోటో నిండా అడ్డచారలు పడతాయి, వాటిని తర్వాత సరిచెయ్యడం దాదాపు అసాధ్యం. షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెట్టి, మెకానికల్ షట్టర్ వాడి, మిగతాది ఐఎస్ఓతో సర్దుకోండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా గదికొకటి ఖాయం చేసుకోండి. లేకపోతే సిరీస్‌లో పక్కపక్కనే పెట్టిన రెండు ఫోటోల్లో ఒకే గోడ రెండు రంగుల్లో ఉంటుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ 1/60 గానీ 1/125 గానీ. కేసు షీటు మీద రోగి పేరు కనబడుతుంటే కోణం మార్చి ఫ్రేములోకి రాకుండా చూడాలి. తర్వాత చెరిపేద్దాంలే అనుకోవడం న్యూస్‌లో కుదరదు.

రెండు కెమెరాలుంటే పొద్దున్నే రెండింటి గడియారాలూ ఫోన్ టైమ్‌తో కలపండి. ఐదు నిమిషాల తేడా ఉన్నా కంప్యూటర్లో వరస కలగాపులగమవుతుంది, ఏది ముందు జరిగిందో రుజువు చెయ్యలేరు. 24 మెగాపిక్సెల్ రా ఫైలు సుమారు 30 ఎంబీ. రోజుకి 500 తీస్తే 15 జీబీ, 40 రోజులకి 600 జీబీ. అంటే ఒక టెరాబైట్ ఎస్ఎస్‌డీలు రెండు కావాలి, అవి వేర్వేరు సంచుల్లో ఉండాలి. రెండు కాపీలూ తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చెయ్యొద్దు.

ఏరడం ఈ చదువుకి గుండెకాయ. 3,000 ఫ్రేముల్లోంచి మొదట 150, వాటిలోంచి 60. ఆ 60ని ల్యాబులో 4×6 ప్రింట్లు వేయించి నేల మీద పరవండి. స్క్రీన్ మీద ఒకదాని తర్వాత ఒకటి చూస్తే ప్రతి ఫోటో బాగున్నట్టే ఉంటుంది. నేల మీద అన్నీ కలిసి కనిపిస్తే ఏది దేన్ని రిపీట్ చేస్తోందో ఇట్టే తెలిసిపోతుంది. ఊరిని దూరం నుంచి చూపేది, మధ్య దూరంలో పని, దగ్గరగా వస్తువు, పోర్ట్రెయిట్, ఇద్దరి మధ్య ఏదో జరుగుతున్న క్షణం – ఇవి కలిసి ఉండాలి. ఒకే దూరం నుంచి తీసినవి పక్కపక్కన మూడు పడితే కథ చదునైపోతుంది. కష్టపడి తీశామన్న మమకారంతో ఉంచుకున్న ఫోటోని కథ తెలియని మనిషి వచ్చి తీసి పక్కన పెడతాడు. మంచి టీచరు ఈ పని ముఖం మీదే చేస్తాడు. దాన్ని మించిన మేలు ఆ ఏడాదిలో ఇంకేదీ ఉండదని నా అభిప్రాయం.

క్యాప్షన్‌కి ఒక నమూనా: "డయాలసిస్ ముగించుకుని పలాస ఆసుపత్రి గేటు దగ్గర ఆటో కోసం ఎదురుచూస్తున్న జీడి కార్మికురాలు, ఆమె కొడుకు." దీనికి వాళ్ళ పేర్లు, వయసు, తేదీ, మండలం, జిల్లా చేర్చాలి. తర్వాతి వాక్యం నేపథ్యానికి: ఎన్నేళ్ళుగా డయాలసిస్ జరుగుతోంది, ఈ మాట ఎవరు చెప్పారు. "ఆమె కళ్ళల్లో ఆరని ఆశ" లాంటివి రాయకూడదు. కళ్ళల్లో ఏముందో మనకి తెలియదు. ఇదంతా ఫోటో ఫైలు లోపలే వివరాలు రాసుకునే ఐపీటీసీ గడుల్లో అదే రాత్రి నింపాలి. వారం ఆగితే పేర్లు తారుమారవుతాయి.

చోటు తప్పైనా మొత్తం పోతుంది. 2015లో అంతర్జాతీయ ఫోటో పోటీ నడిపే వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ, ఫోటోగ్రాఫర్ జొవన్నీ త్రోయిలో సిరీస్‌కిచ్చిన మొదటి బహుమతిని వెనక్కి తీసుకుంది. బెల్జియంలోని షార్లెరువా పట్టణం గురించిన ఆ సిరీస్‌లో ఒక ఫోటో నిజానికి బ్రసెల్స్‌లో తీసింది. 2014లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఫోటోగ్రాఫర్ నార్సిసో కాంట్రెరాస్‌తో సంబంధం తెంచుకుంది. సిరియాలో తీసిన ఒక ఫోటోలో మూలన పడి ఉన్న తోటి జర్నలిస్టు వీడియో కెమెరాని ఆయన చెరిపేశారు. అంతకు ముందు ఏడాదే పులిట్జర్ పొందిన బృందంలో ఆయన ఉన్నారు. ఆ కెమెరాని అలాగే వదిలేసి ఉంటే ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

ట్రావెల్‌లో ఈ ప్రమాదం మరో రూపంలో వస్తుంది. అరకులో పర్యాటకుల కోసం డబ్బు తీసుకుని ఆడే థింసా నృత్యం ఫోటోకి "పండగ సంబరంలో గిరిజనులు" అని రాస్తే అది తప్పుడు వార్తే. "పర్యాటకుల ముందు థింసా ఆడుతున్న కళాకారులు" అని రాయండి, ఫోటోకి వచ్చే నష్టమేమీ లేదు. అండమాన్‌లో జరావా ఆదివాసులను ఫోటో తియ్యడమే నేరం.

చట్టం తెలియకపోతే ఇక్కడ జైలే. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం, రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కేసుల్లో పిల్లల విషయానికి ఆ చట్టం సెక్షన్ 23. తల్లిదండ్రులు ఒప్పుకున్నా చాలదు, ప్రత్యేక కోర్టు అనుమతించాలి. మొహం చూపకపోయినా ఇల్లు, బడి యూనిఫాం, వీధి పేరు పట్టిస్తే అదీ గుర్తింపే.

విదేశాలకి వెళ్ళేవాళ్ళు వీసా షరతులు పదిసార్లు చదవండి. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషేధం. వారానికి 20 గంటల పని అనుమతి ఉద్యోగానికే, ఫ్రీలాన్స్‌గా ఫోటోలు అమ్మడానికి అది వర్తించదు. సరదాగా ఒక పెళ్ళి తీసి డబ్బు తీసుకున్నా వీసాకే ముప్పు. విమానంలో కెమెరా విడి బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు.

చదువయ్యాక మొదటి పనులు తరచుగా స్వచ్ఛంద సంస్థల నుంచి వస్తాయి. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి ప్రత్యేకంగా తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళే మొదటి యజమాని. అందుకని అడ్వాన్సు తీసుకునే ముందే "కాపీరైట్ ఫోటోగ్రాఫర్‌ది, సంస్థకి ఇన్నేళ్ళు, ఈ పనులకి వాడుకునే హక్కు" అని కాగితం మీద రాయించుకుని సంతకాలు పెట్టించండి. ఫోటోలో ఉన్న మనిషి దేనికి ఒప్పుకున్నారో ఆ సమ్మతి పత్రం నకలు కూడా దానికి జతచెయ్యండి, అంతకు మించి వాడే హక్కు సంస్థకి ఇవ్వకండి.