నడుం కొలతతో మొదలైన మెదడు వైద్యం: నా అనుభవం

తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న నాకు, నలభై అయిదేళ్లు దాటాక, మధ్యాహ్నం భోజనమైతే చాలు బుర్ర మొద్దుబారినట్లు ఉండడం, ఎదురుగా నిల్చున్న పాత ఖాతాదారు పేరు గుర్తుకు రాకపోవడం మొదలయ్యాయి. మెదడు స్కానింగ్ చేయిస్తారనుకున్నాను గాని, వైద్యురాలు ముందుగా టేపు తీసి నడుం కొలిచారు. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు హద్దు, నాది 101. థైరాయిడ్, బి12 లోపాలు లేవు. గత రెండు మూడు నెలల సగటు రక్త చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.1 శాతం, అంటే మధుమేహానికి ముందు దశ. ఒంట్లోని వాపు ప్రక్రియను (ఇన్‌ఫ్లమేషన్) సూచించే రక్తపరీక్ష హెచ్‌ఎస్-సీఆర్‌పీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటింది. (జలుబు, జ్వరం ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయించుకోకూడదు.)

నా మతిమరుపు, మొద్దుబారడం వెనుక ఈ వాపు ప్రక్రియ మెదడుకూ తాకి ఉండొచ్చని వైద్యురాలు అనుమానించారు; అయితే మెదడులోని వాపును నేరుగా కొలిచే మామూలు రక్తపరీక్ష లేదని ఆమె ముందే స్పష్టం చేశారు. పొట్ట లోపలి కొవ్వు ఊరికే పడి ఉండదట. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు కారకాలను రక్తంలోకి వదులుతుంది. వాటితోపాటు ఆహారంలోని సంతృప్త కొవ్వులు కూడా మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలను రెచ్చగొడతాయి. ఆ దెబ్బ తగిలే ముఖ్యమైన చోటు, ఆకలిని అదుపుచేసే హైపోథాలమస్. ఎలుకలకు కొవ్వు ఎక్కువగా ఉన్న మేత పెడితే, బరువు అంతగా పెరగకముందే, కొద్ది రోజుల్లోనే అక్కడ వాపు లక్షణాలు కనిపించాయని 2012లో వెలువడిన పరిశోధన తెలిపింది. స్థూలకాయుల ఎంఆర్‌ఐ చిత్రాల్లోనూ అదే భాగంలో మార్పులు కనిపించాయి. అక్కడ వాపు వస్తే, 'ఇక చాలు' అని కొవ్వు కణాలు పంపే లెప్టిన్ సంకేతం సరిగ్గా అందదు. లావుగా ఉన్నవారిని 'నోరు కట్టుకోలేరు' అని నిందించడం ఎంత అన్యాయమో నాకు అప్పుడే అర్థమైంది.

మందులేవీ రాయలేదు. సాయంత్రం బోండాలు, బేకరీ పఫ్‌లు మానేశాను. రాత్రికి రాగి సంగటి పెట్టుకున్నాం. అయితే మన ఇళ్లలో సంగటికి బియ్యం ధారాళంగా పోస్తాం కాబట్టి, ఆ బియ్యాన్ని సగానికి తగ్గించి, ఒక్క ముద్దతో ఆపి, ఆకుకూర పప్పు, శనక్కాయల ఊరుబిండి తోడు చేసుకోమన్నారు. నూనె ప్యాకెట్ తెరిచిన తేదీని నా భార్య క్యాలెండర్‌పై రాయడం మొదలుపెట్టింది. నెలకు ఎంత వాడుతున్నామో మాకు అప్పుడే తెలిసింది. సెలవు రోజుల్లో వేకువన అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఎక్కుతున్నాను.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, సీఆర్‌పీ రెండూ తగ్గాయి, మధ్యాహ్నపు మాంద్యం చాలావరకు పోయింది. నడుం ఇంకా 90కి రాలేదు గనుక ఇదే పద్ధతి కొనసాగిస్తున్నాను; చిత్తూరులో ఉన్న మా తమ్ముణ్ని కూడా ఈ పరీక్షలకు తీసుకువెళ్తున్నాను.