భీమిలి రోడ్డు మీద పడ్డాక, మళ్లీ సైకిలెక్కేదాకా: నా అనుభవం

విశాఖ-భీమిలి దారిలో తొట్లకొండ కింద, మంగమారిపేట దగ్గర మలుపులో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పలచగా పరుచుకుని ఉంటుంది. తెల్లవారుజామున ఆరుగురం ఒకరి వెనక ఒకరం గంటకు 34 కిలోమీటర్ల వేగంతో పోతున్నాం. ముందున్నతను ఇసుక చూసి పక్కకు జరిగాడు. నా ముందు చక్రం అతని వెనక చక్రాన్ని రాసుకుంది. ఇలా రాసుకున్నప్పుడు దాదాపు ఎప్పుడూ పడేది వెనకున్నవాడే. హ్యాండిల్ అటూ ఇటూ కాస్త కదిలితేనే సైకిల్ నిలబడుతుంది, ఆ కదలిక ఆగిపోతే నిలబడే దారి లేదు. కుడివైపు పడ్డాను.

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చూసేవాళ్లకు ఒక అలవాటు అంటుకుంటుంది: పడగానే లేచి ఎక్కేయడం. అక్కడ వాళ్లకు కారణముంది. టైం లిమిట్ దాటితే మర్నాడు స్టార్ట్ ఉండదు, బదులుగా ఇంకొకరిని దింపే వీలూ లేదు. వెనకాల టీం కారు మీద వేరే సైకిల్, ఇంకో కారులో డాక్టర్ ఉంటారు. అంత ఉన్నా 2020 టూర్ 13వ స్టేజిలో ఫ్రెంచ్ రైడర్ రొమేన్ బార్డే పడి, లేవబోయి తూలి, అయినా ఫినిష్ దాకా తొక్కాడు. తర్వాత స్కాన్‌లో మెదడులో చిన్న రక్తస్రావం కనబడి రేసు వదిలేశాడు. 2021 సీజన్ నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) నిబంధనలు తెచ్చింది. భీమిలి రోడ్డు మీద మన వెనక ఏ కారూ రాదు. అందుకే మొదటి పని లేవడం కాదు, వెనకొచ్చే బండ్లకు ఒకరు అడ్డంగా నిలబడి చెయ్యి ఊపడం.

తర్వాత తల. ఎక్కడున్నాం, ఎటునుంచి వచ్చాం, బయల్దేరేముందు ఏం తిన్నావు, నెలలు వెనక నుంచి చెప్పు అని మావాళ్లు అడిగారు. అన్నీ చెప్పాను. కానీ హెల్మెట్ కుడి కణత దగ్గర నొక్కుకుపోయింది, అంటే తలకు దెబ్బ తగిలినట్టే. జవాబులు సరిగ్గా ఉన్నా ఆ రోజు ఇక తొక్కకూడదు, ఎందుకంటే లక్షణాలు మర్నాడు కూడా బయటపడొచ్చు. సైకిల్ ఆటోలో వేసుకుని వచ్చేశాను. 48 గంటలు ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉన్నారు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతి అయినా, లేపితే సరిగ్గా లేవకపోయినా వెంటనే ఆసుపత్రే.

దోక్కుపోయిన చోట పసుపు, కాఫీ పొడి అద్దడం మన ఇళ్లలో మామూలు. వద్దు. ఇసుక లోపలే ఉండిపోయి చర్మం కింద నల్ల మచ్చగా మిగులుతుంది, చీము కూడా పట్టొచ్చు. మంచి నీళ్లు ధారగా పోసి, చుట్టూ సబ్బుతో కడిగి, ఇసుక రేణువులు మొత్తం పోయేదాకా గాజుగుడ్డతో తుడవాలి. ఎంత మండినా ఇక్కడ తొందరపడకూడదు. పుండును ఎండబెట్టకుండా, అంటుకోని డ్రెస్సింగ్ వేస్తే త్వరగా మానుతుంది. టీటీ వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

చెయ్యి ఆన్చి పడ్డవాళ్లంతా చూసుకోవాల్సింది బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర ఉండే గుంట. అక్కడ నొక్కితే నొప్పి పుడితే స్కాఫాయిడ్ ఎముక విరిగి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో ఆ విరుగు ఒక్కోసారి కనబడదు. నాకూ ఏమీ కనబడలేదు. అయినా కట్టు వేయించుకుని 12వ రోజున మళ్లీ తీయించాను. రెండోసారీ బాగానే ఉంది, అప్పుడే కట్టు విప్పారు.

ఈలోగా సైకిల్. కుడివైపు పడితే ముందు అనుమానించాల్సింది డిరైలర్ హ్యాంగర్‌ని, అంటే వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్కని. అది లోపలికి వంగి ఉన్నప్పుడు పెద్ద పళ్లచక్రం మీదికి గేరు వేస్తే, డిరైలర్ చువ్వల్లోకి వెళ్లి చక్రాన్నీ ఫ్రేమునీ కలిపి విరగ్గొడుతుంది. వెనక నిలబడి చూస్తే రెండు చిన్న పుల్లీలు పైనున్న పళ్లచక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. నాది స్పష్టంగా వంగింది. అల్యూమినియం కాబట్టి వంచి సరిచేయకుండా కొత్తది తెప్పించాను. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం. ఊళ్లో దొరక్క నాలుగు రోజులు ఆగాను. ఇప్పుడు ఒకటి సీటు కింద సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

హ్యాండిల్‌ని ఫోర్క్‌కు బిగించే స్టెమ్ విప్పి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టాన్ని బయటికి లాగి చూశాను. స్టెమ్ బిగిసే చోట, దాని కింద బేరింగ్ దగ్గర సన్నని గీత కనబడినా ఆ ఫోర్క్ ఇక పనికిరాదు. హ్యాండిల్ టేపు పూర్తిగా విప్పాలి. బ్రేక్ హుడ్ (బ్రేకు దగ్గర చెయ్యి ఆన్చే పిడి) లోపలికి తిరిగిపోయిందంటే దాని పట్టీ కింద హ్యాండిల్ కార్బన్ ఫైబర్ నలిగి ఉండొచ్చు. పాత నూలు గుడ్డతో ఫ్రేమంతా తుడిస్తే పోగులు పట్టుకున్న చోట పగులు ఉన్నట్టు. నాణెంతో తట్టి చూస్తే మంచి చోట ఖంగుమని, చెడిన చోట మందంగా మోగుతుంది, కానీ ఆ పరీక్షనొక్కదాన్నే నమ్మకూడదు.

విశాఖలో ఇంకో చిక్కుంది. సముద్రపు గాలికి మర తుప్పు పట్టిన బోల్టు సగం బిగియకముందే, చాలినంత బలం పడిందని చెప్పే టార్క్ రెంచి క్లిక్ అంటుంది. బోల్టులు తీసి తుడిచి, పలచగా గ్రీజు రాసి, స్టెమ్ మీద రాసినట్టే 5 న్యూటన్ మీటర్లకు ఒక్కోటీ కొంచెం కొంచెంగా బిగించాను. కార్బన్ తగిలే చోట గ్రీజు పడకూడదు, అక్కడ జారకుండా పట్టి ఉంచే గరుకు పేస్టే.

హెల్మెట్ పారేశాను. లోపలి ఫోమ్ పొర ఒక్కసారే నలుగుతుంది, తిరిగి ఉబ్బదు. 2003 పారిస్-నీస్ రేసులో ఆంద్రేయి కివిలెవ్ అనే రైడర్ హెల్మెట్ లేకుండా పడి చనిపోయాక, ఆ ఏడాదే యూసీఐ దాన్ని తప్పనిసరి చేసింది. నలిగిన హెల్మెట్‌ని నెత్తిన పెట్టుకోవడం ఆ నియమాన్ని పేరుకు పాటించడమే.

16వ రోజున ఒంటరిగా జోడుగుళ్లపాలెం దాకా వెళ్లాను. స్టెమ్‌కీ హ్యాండిల్‌కీ కలిపి మార్కరుతో గీత గీసి, 25 కిలోమీటర్ల వేగంలో ఐదుసార్లు గట్టిగా బ్రేకు వేసి చూశాను. గీత విడిపోలేదు. 100 కిలోమీటర్లు పూర్తయ్యాక మళ్లీ అన్ని బోల్టులూ చూసి, ఆ తర్వాతే సింహాచలం కొండ దిగాను.

గుంపులో చేరిన రోజున మంగమారిపేట మలుపుకు 200 మీటర్ల ముందే ముందున్నతను చెయ్యి దించి చూపిస్తూ "ఇసుక" అని అరిచాడు. వెనకున్న ఒక్కొక్కరూ అదే మాట అందించారు. మధ్యలో ఒక్కో సైకిల్ పొడవు ఖాళీ వదిలి, ఎవరూ బ్రేకు వేయకుండా, నిటారుగా దాటాం.