సూదిమొన రంధ్రంలోంచి సముద్రం

ఈ ప్రయాణానికి బయలుదేరే ముందు ఒక రాత్రి కూర్చుని, అంతకు ముందు మూడేళ్ళలో తిరిగిన చోట్ల తీసిన ఫొటోలన్నీ వరుసగా చూశాను. వేల సంఖ్యలో ఉన్నాయి. పదును, వెలుగు, అమరిక అన్నీ సరిగానే కుదిరాయి కాని, వాటిలో చాలా వాటిని తీసిన క్షణం ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు; తీసిన వెంటనే తల వంచి, కెమెరా వెనక తెరలో బొమ్మ ఎలా వచ్చిందో చూసుకోవడం మాత్రం బాగా గుర్తుంది. అందుకే ఈసారి సముద్రతీరంలో గడపబోయే నాలుగు రోజులూ, ఫలితం ముందుగా కంటికి కనబడని పద్ధతులతోనే ఫొటోలు తీయాలని నిశ్చయించుకుని, ఆ తెర మీద నల్ల టేపు అంటించాను. చీకటి పడి గదికి చేరేదాకా టేపు తీయకూడదన్నది ఒక్కటే నియమం.

సామాను కొంచెమే. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా ఒకటి, ఎపర్చర్‌ను, అంటే వెలుగు దూరే ద్వారాన్ని, చేత్తో తిప్పి మార్చుకునే రింగ్ ఉన్న 50 మి.మీ. లెన్స్ ఒకటి, ట్రైపాడ్, వెలుగును బాగా తగ్గించే 10 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్లటి గాజు, రసాయనం పూసి చీకట్లో ఆరబెట్టి నల్ల సంచిలో దాచిన 12 సయనోటైప్ కాగితాలు (ఎండ సోకితే నీలి బొమ్మ ఏర్పడేవి), ఒక ఖాళీ డబ్బా, వీటన్నిటికంటే నేను ఎక్కువ ఆశ పెట్టుకున్న పిన్‌హోల్, అంటే లెన్స్‌కు బదులుగా వెలుగును లోపలికి పంపే సూదిమొనంత రంధ్రం. దాన్ని నేనే తయారు చేసుకున్నాను. కూల్‌డ్రింక్ టిన్ను నుంచి బొటనవేలి గోరంత రేకు కత్తిరించి, సూదిని లోపలికి దించకుండా మొనను మాత్రం ఆనించి మెల్లగా తిప్పుతూ, వెనక లేచిన గరుకును సన్నటి శాండ్ పేపర్‌తో అరగదీస్తూ, మళ్ళీ తిప్పుతూ పోతే అరగంటకు ఒక గుండ్రటి రంధ్రం ఏర్పడింది. రంధ్రం నుంచి కెమెరాలో బొమ్మ పడే పలక, సెన్సర్ దాకా సుమారు 45 మి.మీ. దూరం ఉన్నప్పుడు దాని వ్యాసం 0.3 మి.మీ. దగ్గర ఉండాలి, అంతకంటే పెద్దదైతే బొమ్మ మసకబారుతుంది, మరీ చిన్నదైతే అంచుల దగ్గర కాంతి వంగి చెదరడం వల్ల అప్పుడూ మసకబారుతుంది. రేకును 1200 డీపీఐలో (అంగుళానికి 1200 పిక్సెళ్ళ చొప్పున) స్కాన్ చేసి, రంధ్రం అడ్డంగా 14 పిక్సెళ్ళు, అంటే దాదాపు 0.3 మి.మీ. ఉన్నట్టు లెక్కపెట్టుకున్నాక నా మనసు కుదుటపడింది. లెన్స్ తీసినప్పుడు కెమెరాకు పెట్టే మూత (బాడీ క్యాప్) మధ్యలో బెజ్జం చేసి, ఈ రేకును వెనక నుంచి నల్ల టేపుతో అతికించాను. 45ను 0.3తో భాగిస్తే ఎఫ్/150 వస్తుంది (ఈ సంఖ్య పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది); అంటే ఎఫ్/16 దగ్గర మామూలు లెన్స్ లోపలికి పంపే వెలుగులో ఇది పంపేది 88వ వంతు మాత్రమే. నిండు ఎండలో, వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయిని (ఐఎస్ఓ) 100కు పెట్టుకుంటే దాదాపు ఒక సెకను, సంధ్యవేళలో నిమిషాలు పడుతుంది.

డిసెంబరు 18 సాయంత్రం తీరానికి చేరాను. సముద్రం తూర్పున ఉన్న చోటు కాబట్టి, నేను వెళ్ళేసరికి ఎండ వెనక నుంచి పడుతూ ఒడ్డున ఆపిన పడవల మీద నిలిచి ఉంది. గదిలో సంచి పెట్టి, వెలుగు పోకముందే 50 మి.మీ. లెన్స్‌తో పరుగున వెళ్ళాను. లెన్స్‌ను కెమెరాకు బిగించకుండా, చేత్తో పట్టుకుని బాడీకి కాస్త ముందు అటూ ఇటూ వంచుతూ తీసే పద్ధతిని ఫ్రీలెన్సింగ్ అంటారు. లెన్స్ వంగినప్పుడు ఫోకస్ తలం కూడా దానితో పాటు ఒరిగిపోతుంది కాబట్టి, ఎదురుగా ఉన్న వస్తువులో ఏటవాలుగా ఒక సన్నని పొర మాత్రమే స్పష్టంగా నిలుస్తుంది. పడవ ముందు భాగానికి కట్టిన మోకు ముడిని అలా చాలాసేపు చూశాను. వేలు ఒక వెంట్రుకవాసి కదిలితే స్పష్టత ఒక పురి మీద నుంచి పక్క పురికి జారిపోయేది. పురుల మధ్య ఎండిన ఉప్పు రేణువులు ఒక్కొక్కటిగా మెరిసి మాయమయ్యేవి. లెన్స్‌కూ బాడీకీ మధ్య సందులోంచి దూరిన పక్క వెలుగు బొమ్మ అంచున నారింజ రంగు మరకలా పడేది. ఆ అరగంటలో గాలి ఎటు నుంచి వీస్తోందో నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండవలసింది.

మరునాడు ఉదయం నుంచి పిన్‌హోల్ పని. ఎఫ్/150 దగ్గర డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలో, చీకటి తప్ప ఏమీ కనబడదు. కెమెరాను వస్తువు వైపు తిప్పి, ఎక్కడ ఏముందో కంటితోనే అంచనా వేసి, షట్టర్ తెరిచి లెక్కపెట్టుకోవాలి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు నన్ను గమనించి దగ్గరకు వచ్చారు. నేను పక్కకు జరిగి వ్యూఫైండర్ చూపించాను. ఆయన కన్ను ఆనించి చూసి, "ఇందులో ఏమీ కనబడటం లేదు కదండీ, మరి ఏం చూసి తీస్తున్నారు?" అని అడిగారు. సముద్రాన్నే చూస్తున్నానని చెప్పాను. ఆయనకు అది చాలా మామూలు జవాబుగా తోచినట్టుంది, తలూపి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ మాట నోటితో అన్న తరువాతే గ్రహించాను, ఆ ఉదయం నేను నిజంగా చేస్తున్నది అదేనని. షట్టర్ తెరిచి ఉన్న ఆ కొన్ని సెకన్లలో చేయడానికి వేరే పనేమీ ఉండదు. ఒక అల బండ మీదికి ఎక్కి, పగుళ్ళలోకి దిగి, తెల్లటి నురగను వెనక్కి లాక్కుంటూ పోవడాన్ని మొదటి నుంచి చివరి దాకా నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. తెర చూసుకునే అలవాటు అలను ప్రతిసారీ సగంలోనే వదిలిపెట్టేలా చేసింది.

రాత్రి టేపు తీసి, ఫొటోలను లాప్‌టాప్‌లోకి ఎక్కించి చూస్తే గుండె జారింది. ప్రతి బొమ్మలోనూ ఆకాశం నిండా నల్లటి చుక్కలు ఉన్నాయి, అన్నిటిలోనూ ఒకే చోట. నిన్నటి గాలిలో లెన్స్ ఊడదీసి ఆడినప్పుడు దుమ్మూ ఉప్పుతేమా నేరుగా సెన్సర్ మీదికి చేరాయి. పెద్ద ఎపర్చర్ దగ్గర కాంతి అన్ని కోణాల నుంచీ వస్తుంది కాబట్టి దుమ్ము నీడ కరిగిపోతుంది; ఎఫ్/150 దగ్గర కాంతి సన్నటి ధారలా ఒకే చోటు నుంచి వస్తుంది కాబట్టి ప్రతి రేణువు నీడా గీసినట్టు పడుతుంది. బ్లోయర్‌తో ఊదితే సగం పోయాయి. మిగిలినవి తడిగా అంటుకుని ఉన్నాయి, సరైన సామగ్రి లేకుండా సెన్సర్‌ను తాకడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

పొద్దున లేచేసరికి ఒక ఆలోచన తట్టింది. చుక్కలన్నీ ఫ్రేమ్ పైభాగంలోనే ఉన్నాయి. నునుపైన ఆకాశంలో అవి కనబడతాయి, గరుకైన బండలో కనబడవు. కనుక ఆకాశానికి చోటు ఇవ్వకూడదు. సముద్రతీరంలో ఆకాశం లేకుండా ఫొటో తీయడమన్నది నేను అంతవరకు ఊహించని సంగతి. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా విప్పి కెమెరాను నేలబారుకు దించి, పోటు తగ్గాక బండల గుంటల్లో నిలిచిన నీటి వైపు తిప్పాను. పిన్‌హోల్‌కు ఫోకస్ అంటూ ఉండదు. జానెడు దూరంలో ఉన్నదీ మైలు దూరంలో ఉన్నదీ ఒకే మెత్తదనంతో వస్తాయి. బెత్తెడు దూరంలో, గొడుగులా బండను కరిచిపట్టుకుని ఉన్న నత్త చిప్పా, దాని వెనక గుంట, ఆ వెనక ఇంకా ఇంకా బండలు, అన్నీ ఒక పర్వతశ్రేణిలా వచ్చాయి. ఆకాశం గుంటలోని నీటిలో ప్రతిబింబంగా, ఫ్రేమ్ కిందిభాగంలో, ఒక్క చుక్కా లేకుండా పడింది. మొత్తం ప్రయాణంలో నేను గోడకు తగిలించుకున్న ఫొటో ఇదొక్కటే. దుమ్ము పడకపోయి ఉంటే నేను ఆ గుంట పక్క నుంచి నడిచి వెళ్ళిపోయేవాడినని నాకు ఖచ్చితంగా తెలుసు.

మధ్యాహ్నం దూరంగా ఉన్న నిటారు చెట్ల తోపులో, అర సెకను షట్టర్‌తో కెమెరాను పైకీ కిందికీ ఊపుతూ కొన్ని తీశాను. చూడడానికి రంగుల కుంచె గీతల్లా ఉంటాయి కాని, పదో ఫొటోకే అవన్నీ ఒకేలా కనిపించాయి. ఏ తోపులో తీసినా ఇవే వస్తాయి. వింతగా ఉండటమూ కొత్తగా చూడటమూ ఒకటి కాదని అక్కడ అనిపించి, ఆ పని అంతటితో ఆపేశాను.

ఎన్‌డీ ఫిల్టర్ అలా కాదు. 10 స్టాప్‌లంటే వెలుగు 1024వ వంతుకు తగ్గిపోతుంది. సెకనులో 30వ వంతు చాలే చోట అర నిమిషానికి పైగా షట్టర్ తెరిచి ఉంచాలి. ముందే అమరిక, ఫోకస్ చూసుకుని ఆ తరువాతే ఫిల్టర్ బిగించాలి, వ్యూఫైండర్ కంటిరంధ్రాన్ని కూడా మూయాలి, లేకపోతే వెనక నుంచి దూరిన వెలుగు బొమ్మను పాడుచేస్తుంది. సాయంత్రం జనంతో కిటకిటలాడే ఒడ్డు మీద అలా తీస్తే, నడుస్తున్న వారంతా మాయమై, నీళ్ళలోకి చూస్తూ కదలకుండా కూర్చున్న ఒక ముసలామె మాత్రం మిగిలింది. 1838లో, ఫొటోగ్రఫీ తొలి ఆవిష్కర్తల్లో ఒకరైన డగేర్ తన కిటికీ నుంచి పారిస్ వీధిని తీసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఎక్స్‌పోజర్ కొన్ని నిమిషాలు పట్టడంతో బళ్ళూ మనుషులూ ఏమీ నమోదు కాలేదు. బూట్లు శుభ్రం చేయించుకుంటూ ఒకచోట నిలబడిన మనిషి మాత్రం ఆ బొమ్మలో దక్కాడు. ఈ సంగతి నేను ఎప్పుడో చదివినదే కాని, ఆ ముసలామె నా ఫొటోలో ఒంటరిగా కనబడేదాకా అది నాకు ఒక సాంకేతిక వివరం మాత్రమే.

నాలుగో రోజు కెమెరాను గదిలోనే వదిలి, సయనోటైప్ కాగితాలతో వెళ్ళాను. ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనుగొన్న ఈ పద్ధతిలో ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రీసయనైడ్ ద్రావణాలను కలిపి కాగితానికి పూస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకిన చోట ఇనుము రూపం మారి, ప్రష్యన్ నీలం అనే ముదురు రంగు ఏర్పడుతుంది. ఆ మరుసటి ఏడే ఇంగ్లిష్ వృక్షశాస్త్రవేత్త అన్నా అట్కిన్స్ సముద్రపు నాచు రకాలను ఇలాంటి కాగితాల మీద పరిచి నమోదు చేయడం మొదలుపెట్టారు. నా చేతిలోనూ అలలు తెచ్చిపడేసిన నాచే ఉంది. తడి అద్దకుండా పెట్టిన మొదటి రెండు కాగితాలు నీటి మరకలతో పాడయ్యాయి. మూడోదానికి నాచును గుడ్డ మీద ఆరనిచ్చి, కాగితం మీద పరిచి, పైన గాజుపలక ఉంచాను. పసుపుపచ్చ కాగితం ముందు ఆకుపచ్చకు, ఆ తరువాత నీలానికి, చివరకు కంచు ఛాయ గల బూడిదరంగుకు తిరగడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను నాచును చూస్తూ కూర్చున్నాను. దూరం నుంచి చిక్కుపడ్డ ముద్దలా కనబడినదానిలో ప్రతి కొమ్మా రెండుగా, ఆ రెండూ మళ్ళీ రెండుగా చీలుతూ పోవడం అప్పుడు తెలిసింది. బకెట్ నీళ్ళలో ముంచగానే పచ్చటి రంగు పొగలా కారిపోయి, లోతైన నీలం మధ్య ఆ కొమ్మలన్నీ తెల్లగా తేలాయి. క్షారగుణం ఉన్న నీటిలో ఈ నీలం వెలిసిపోతుంది కాబట్టి నీళ్ళలో కొన్ని చుక్కల నిమ్మరసం పిండాను. ఆరేకొద్దీ నీలం ఇంకా చిక్కనైంది.

బయలుదేరే ముందు చేసిన ఆఖరి పని డబ్బా కట్టడం. దానికి పక్కన సూదితో రంధ్రం చేసి, లోపల నలుపు తెలుపు ఫొటో కాగితాన్ని వంచి పెట్టి, బస యజమాని అనుమతితో డాబా మీది ఇనుప గొట్టానికి తూర్పు ముఖంగా బిగించాను. డిసెంబరు 21 నుంచి జూన్ 21 దాకా అది అక్కడే ఉంటుంది. రోజుకొక గీత చొప్పున సూర్యుడి దారి ఆ కాగితం మీద కాలి నిలుస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో గీత తెగుతుంది. కాగితాన్ని కడగకుండా తీసి స్కాన్ చేయాలి, అది కూడా ఒక్కసారే, ఎందుకంటే స్కానర్ వెలుగు కూడా దాన్ని మాడుస్తుంది.

ఇప్పుడు మార్చి మూడో వారం. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తున్నాడు, అంటే కాగితం సగం నిండి ఉండాలి. మొన్న యజమాని ఫోన్ చేసి, గాలివానకు డబ్బా కాస్త పక్కకు ఒరిగిందని, సరిచేయమంటారా అని అడిగారు. అది ఒరిగిన రోజున గీతలన్నీ ఒక్కసారిగా విరిగి, కొత్త కోణంలో మళ్ళీ మొదలై ఉంటాయి. అలాగే ఉంచమని చెప్పాను.